రాగిరేకు మీద రేవు పట్టణాలు: బందరు, హజ్ ఓడలు, సముద్రపు దోపిడి

నల్లగొండ పట్టణానికి ఆనుకొని ఉన్న పానగల్లులో ఒక పెద్ద చెరువు ఉన్నది. కందూరు చోడుల కాలం నాటి ఆ చెరువు పేరు ఉదయ సముద్రం. అసలు సముద్రం అక్కడికి చాలా దూరం. అలలు ఎన్నడూ చూడని మెట్టసీమ తన చెరువునే సముద్రమని పిలుచుకొన్నది. అయినప్పటికీ నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలకు నిజమైన సముద్రంతో సంబంధం లేకపోలేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధాని నుండి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఈ మెట్టల మీదుగానే సాగేది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ బాటలోని మజిలీలను వరుసగా పేర్కొన్నాడు. హయత్‌నగర్, పంతంగి, పానగల్లు మున్నగునవి అందులో కనిపిస్తాయి. సూటి బాట 100 కోసులనీ, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గనుల మీదుగా పోతే 112 కోసులనీ అతడు లెక్క చెప్పాడు.

ఆ బాట చివర ఉన్న పట్టణాన్ని తెలుగువారు నేటికీ బందరు అంటారు. ‘బందర్’ అనగా ఫార్సీలో రేవు. ఒక ఊరికి రేవు అనే మాటే పేరుగా స్థిరపడిందంటే, ఆ రేవు ఈ దేశానికి ఎంత ముఖ్యమైనదో ఊహించవచ్చు. ఈ బందరు బొమ్మలు, ఇతర రేవు పట్టణాల బొమ్మలు 16, 17 శతాబ్దాలలో ఐరోపాలో రాగిరేకుల మీద చెక్కబడి, వేలాదిగా అచ్చయి, పుస్తకాలలోనికి ఎక్కినాయి. ఈనాడు చరిత్ర పాఠాలలో, ప్రదర్శనలలో, గోడ పటాలలో గత కాలపు రేవులను చూపవలసి వచ్చినప్పుడు తరచు ఈ బొమ్మలనే వాడుతున్నారు. కనుక అవి ఎలా తయారైనవో, ఏమి చూపినవో, ఏమి చూపలేదో తెలుసుకొనటం అవసరం. ముఖ్యంగా సముద్రపు దోపిడి విషయంలో ఈ అవసరం మరీ ఎక్కువ. ఎందుకంటే ఆ దోపిడికి గురైన వారిలో హజ్ యాత్రికులున్నారు. దోచినవారి రూపమే బొమ్మలలో ముందు నిలిచింది.

బందరు బాట, హజ్ ఓడ

16వ శతాబ్దం ద్వితీయార్ధంలో గోల్కొండ రాజ్యం బలపడిన కొద్దీ మచిలీపట్నం కూడా పెరిగింది. మొదట అచే, పెగూ వంటి తూర్పు రేవులతోనూ, తరువాత ఎర్రసముద్రపు రేవులతోనూ, ఇరాన్ రేవులతోనూ దానికి రాకపోకలు ఏర్పడ్డాయి. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకొన్నారు. డచ్చివారు తీరంతో ఆగక లోపలికి వచ్చి, నల్లగొండకు తూర్పున ఖమ్మం సీమలోని నాగులవంచలో కూడా ఒక స్థావరం నడిపారు.

మెట్టసీమ నుండి సరుకు ఎద్దుల మీద తీరానికి దిగేది. తీరం నుండి ఉప్పు ఎద్దుల మీదనే పైకి ఎక్కేది. లంబాడీల బిడారులు ఈ రవాణాకు ప్రాణం. మహబూబ్‌నగర్ సీమ అంచున తెలంగాణాలో ప్రవేశించే కృష్ణానది కూడా తుంగభద్రను, మూసీని కలుపుకొని చివరకు బందరు దాపుననే సముద్రంలో కలుస్తుంది. నీరూ, బాటా రెండూ ఒకే దిక్కుకు పోయేవి.

ఈ బాట మీద సరుకుతోపాటు యాత్రికులు కూడా నడిచారు. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న విలియం మెత్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు గోల్కొండ రాజ్యాన్ని గురించి వ్రాసిన వివరణ 1626లో అచ్చయింది. ప్రతి జనవరిలో ఇక్కడి ఓడలు ఎర్రసముద్రంలోని మొఖా రేవుకు బయలుదేరి, సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో తిరిగి వచ్చేవని అతడు తెలిపాడు. సుల్తాను ఏటేటా కొంత బియ్యాన్ని మక్కా, మదీనాలలోని యాత్రికులకు పంచిపెట్టేందుకు ధర్మంగా పంపేవాడని కూడా అతడే చెప్పాడు. తెలుగు దేశపు బియ్యం హరమైన్‌లో యాత్రికుల ఆకలి తీర్చిందనే ఈ సంగతిని ఒక పరాయి వర్తకుడు నమోదు చేయటం గమనార్హం. ఐరోపా వ్రాతలను పూర్తిగా త్రోసిపుచ్చకూడదనటానికి ఇదొక ఉదాహరణ. వాటిని చదవాలి, అయితే పరిశీలించి చదవాలి. బొమ్మల సంగతి కూడా అంతే.

రాగిరేకు బొమ్మ తయారయ్యే తీరు

ఈ బొమ్మల తయారీ ఒక పెద్ద పరిశ్రమ. నునుపు చేసిన రాగిరేకు మీద మొనదేలిన ఉక్కు ఉలితో గీతలు చెక్కుతారు. రేకుకు సిరా పూసి, పై భాగాన్ని శుభ్రంగా తుడిచివేస్తారు. సిరా గీతల లోతులలో మాత్రమే నిలుస్తుంది. తడిపిన కాగితాన్ని దానిమీద పరచి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే బొమ్మ కాగితానికి దిగుతుంది. ఒక రేకు నుండి వందలాది ప్రతులు తీయవచ్చు. అరిగినచోట మళ్ళీ చెక్కి మరికొన్ని తీయవచ్చు.

ఈ పద్ధతిలోనే కొన్ని చిక్కులున్నాయి. మొదటిది, చెక్కేవాడు సాధారణంగా ఆ పట్టణాన్ని చూచినవాడు కాడు. నావికుడో, కంపెనీ ఉద్యోగియో తెచ్చిన ముతక నమూనాను బట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లోనో, కొలోన్‌లోనో కూర్చొని చెక్కుతాడు. నమూనాలో లేని చెట్లను, కొండలను, మనుషులను తన ఊహ నుండి నింపుతాడు. రెండవది, కాగితం మీద పడే బొమ్మ రేకు మీది బొమ్మకు తలక్రిందు కాదు గాని కుడి ఎడమలు తారుమారవుతుంది. అచ్చయిన బొమ్మను చూచి మరొకరు నేరుగా రేకు మీదికి ఎత్తి చెక్కితే, ఆ రెండవ ప్రతిలో పట్టణం అద్దంలో చూచినట్లు తిరగబడుతుంది. మూడవది, రేకులు చేతులు మారుతాయి. లైడెన్ పట్టణపు ప్రచురణకర్త పీటర్ వాన్ డెర్ ఆ వంటివారు పాత రేకులను సంపాదించి 18వ శతాబ్దంలో మళ్ళీ అచ్చు వేశారు. అందుచేత పుస్తకం మీది సంవత్సరాన్ని చూచి ఆ ఏటి పట్టణం అలాగే ఉండేదనుకొంటే పొరబాటు. యాభై ఏండ్ల నాటి రూపం కొత్త తేదీతో మనముందుకు రావచ్చు.

మచిలీపట్నం బొమ్మ ఉన్న ప్రసిద్ధ గ్రంథం ఫిలిప్పుస్ బాల్డేయస్ రచన. మలబారు, చోళమండల తీరాలను, సింహళాన్ని వర్ణించే ఈ డచ్చి గ్రంథం 1672లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడింది. బాల్డేయస్ క్రైస్తవ మత బోధకుడు. తూర్పు దేశంలో అతని కాలం ఎక్కువగా జాఫ్నాలో గడిచింది. అదే 1672లో, అదే నగరంలో ఓల్ఫెర్ట్ డాపర్ అనే మరొకడు ఆసియాను గురించి బొమ్మలతో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. డాపర్ తన దేశం విడిచి ఆసియాకు ఎన్నడూ రాలేదు. రెండు గ్రంథాలూ ఒకే అంగడిలో, ఒకే విధమైన పాఠకులకు అమ్ముడుపోయినవి. కళ్ళతో చూచినవాని మాటకూ, ఇతరుల వ్రాతలు కూర్చినవాని మాటకూ గల తేడా బొమ్మను చూచినంత మాత్రాన తెలియదు.

ఒక విషయం మాత్రం ఇటువంటి బొమ్మలలో సర్వసాధారణం. పట్టణాన్ని సముద్రం వైపు నుండి చూపుతారు. దీనికి కారణముంది. చోళమండల తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరాన లంగరు వేసి, సరుకునూ మనుషులనూ మసూలా పడవలలో చేరవేయవలసి వచ్చేది. నావికుడు పట్టణాన్ని మొట్టమొదట చూచేది ఓడ మీద నుండే. కాబట్టి ముందుభాగంలో అతని ఓడలు, వాటి జెండాలు పెద్దవిగా కనిపిస్తాయి. వెనుక సన్నని గీతలాగ పట్టణం కనిపిస్తుంది. పట్టణం వెనుక ఆకాశం తప్ప ఇంకేమీ ఉండదు. ఆ ఆకాశం క్రిందనే పంతంగి, పానగల్లు మజిలీలున్నాయి, ఎద్దుల బిడారులున్నాయి, ఇంటి నుండి అనేక దినాలు నడిచి వచ్చిన హాజీలున్నారు. అవి చిత్రకారుని చూపుకు అందలేదు.

మనుషుల బొమ్మలు ఎందుకు పెట్టారు?

పట్టణాల బొమ్మల పుస్తకాలన్నింటిలోకి ప్రఖ్యాతి పొందినది గియోర్గ్ బ్రౌన్, ఫ్రాన్స్ హోగెన్‌బెర్గ్ అనేవారు కొలోన్ నగరంలో వెలువరించిన సంపుటం. 1572 నుండి 1617 వరకు అది 6 భాగాలుగా వచ్చింది. మొదటి భాగంలోనే గోవా, డయ్యు, కాలికట్, కన్ననూరు, హుర్ముజ్, ఏడెన్ రేవుల బొమ్మలున్నాయి. అనేక పట్టణాల ముందుభాగంలో ఆయా దేశాల వేషధారణలో కొందరు స్త్రీ పురుషులు నిలబడి ఉంటారు.

దీనికి బ్రౌన్ తన పీఠికలో ఒక విచిత్రమైన కారణం చెప్పాడు. తురుష్కుల మతం మనుషుల ప్రతిరూపాలను అనుమతించదు. కాబట్టి మనుషుల బొమ్మలుంటే వారు ఈ పుస్తకాన్ని చూడరు. చూడకపోతే కోటల గుట్టుమట్టులు తెలుసుకొని దండెత్తలేరు. ఇదీ అతని వాదన సారాంశం. రూపచిత్రణ విషయంలో ముస్లిం పండితుల అభ్యంతరాన్ని అతడు విన్నాడు. అయితే ఆ అభ్యంతరం వల్ల ముస్లిములు లోకజ్ఞానానికే దూరమవుతారని అనుకొనటం అతని అమాయకత్వం.

బ్రౌన్ పుస్తకం పుట్టకముందే ఉస్మానీ నావికుడు పీరీ రయీస్ మధ్యధరా సముద్రపు రేవులన్నింటినీ వివరించే ‘కితాబె బహ్రియ్యా’ను 1521లో రచించి, విస్తరించిన ప్రతిని 1526లో సుల్తాన్ సులైమాన్‌కు సమర్పించాడు. లంగరు వేయదగిన చోట్లు, దాగియున్న రాళ్ళు, మంచినీరు దొరికే తావులు అందులో ఉన్నాయి. 1543 నాటి ఉస్మానీ నౌకాయాత్రను చిత్రించిన మత్రాఖ్‌చీ నసూహ్ నీస్, టూలోన్, జెనోవా రేవులను ఎంతో స్పష్టంగా వేశాడు. అతని పట్టణ చిత్రాలలో మనిషి ఆకారం ఉండదు. కోటలు, ఇండ్లు, నీళ్ళు, ఓడలు మాత్రమే ఉంటాయి. మనుషులు లేకుండా పట్టణాన్ని సమగ్రంగా చూపవచ్చునని ముస్లిం చిత్రకారుడు అప్పటికే నిరూపించాడు.

దొంగ ఎవరు?

ఇక సముద్రపు దోపిడి సంగతి. దొంగ అంటే రాజు ఆజ్ఞ లేకుండా దోచేవాడని, రాజు ఆజ్ఞతో ఓడను పట్టుకొంటే అది యుద్ధమని ఐరోపావారి చట్టం. హిందూ మహాసముద్రంలో ఈ తేడా ఎంత పలుచనైనదో కొన్ని ఘటనలు తెలుపుతాయి.

1502లో వాస్కో డ గామా మలబారు తీరంలో మక్కా నుండి తిరిగివస్తున్న ఒక పెద్ద ఓడను పట్టి, సరుకు దోచుకొని, స్త్రీలూ పిల్లలతో సహా యాత్రికులుండగానే దానికి నిప్పు పెట్టించాడు. అతడు తన రాజు పక్షాన పనిచేసే నౌకాధిపతి. కనుక అతనికి దొంగ అనే పేరు రాలేదు. ఆ తరువాత పోర్చుగీసువారు ‘కర్తాజ్’ అనే అనుమతి పత్రాన్ని ప్రవేశపెట్టారు. డబ్బు చెల్లించి ఆ పత్రం తీసుకోని ఓడను పట్టుకొనటం తమ హక్కని ప్రకటించారు. తరతరాలుగా అందరూ తిరిగిన సముద్రంలో తిరిగినందుకే ఓడలు దొంగ ఓడలైనాయి. వారిని ఎదిరించిన కుంజాలి మరక్కార్ నావికులను పోర్చుగీసువారు సముద్రపు దొంగలన్నారు. వారిలో నాలుగవవానిని 1600లో గోవాలో శిరచ్ఛేదం చేశారు. మలబారు పండితుడు షేఖ్ జైనుద్దీన్ మఖ్‌దూమ్ ‘తుహ్ఫతుల్ ముజాహిదీన్’ అనే అరబ్బీ గ్రంథంలో ఈ దౌర్జన్యాలను వర్ణించి, దానిని బిజాపూరు సుల్తాను మొదటి అలీ ఆదిల్‌షాకు అంకితం చేశాడు.

మచిలీపట్నంలో ఉండి గోల్కొండ ధర్మ బియ్యాన్ని గురించి వ్రాసిన మెత్‌వోల్డ్‌కే ఈ దోపిడి ఫలితం అనుభవానికి వచ్చింది. తరువాత అతడు సూరతులో ఇంగ్లీషు కంపెనీకి పెద్ద అయినాడు. 1635లో ‘రోబక్’ అనే ఇంగ్లీషు ఓడ ఎర్రసముద్రంలో సూరతు, డయ్యు ఓడలను దోచింది. అది కంపెనీ ఓడ కాదు. కాని దాని మీద ఇంగ్లండు రాజు అనుమతి ఉన్నది. సూరతులోని మొగలు అధికారులు మెత్‌వోల్డ్‌ను వారాల తరబడి నిర్బంధించారు. దోచినవాడు ఒకడు, జైలు పాలైనది మరొకడు. అయితే ఓడ పోగొట్టుకొన్న వర్తకునికి ఇద్దరూ ఒకే రాజు ప్రజలే.

గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా మహమ్మద్ సయీద్ స్వయంగా ఓడలు నడిపినవాడు. 1650లలో ఇంగ్లీషువారు అతని ఓడనొకదానిని పట్టుకొనటంతో పుట్టిన తగాదా ఏండ్ల తరబడి సాగింది. 1686లో డచ్చివారు గోల్కొండతో వచ్చిన బాకీల తగవులో లారెన్స్ పిట్ నాయకత్వాన సైన్యంతో మచిలీపట్నాన్నే ఆక్రమించారు. మరుసటి ఏడు గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఇవేవీ కంపెనీల కాగితాలలో దొంగతనాలు కావు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. దోపిడి ఒక మతానికో, ఒక జాతికో పరిమితం కాలేదు. బంగాళాఖాతంలో అరకాను రాజుల అండతో మగ్‌లూ, వారితో చేరిన పోర్చుగీసు దొరలు లేని ముఠాలూ బెంగాలు పల్లెల మీద పడి హిందువులనూ, ముస్లిములనూ బందీలుగా పట్టుకొనేవారు. షిహాబుద్దీన్ తాలిష్ అనే చరిత్రకారుడు ఆ బందీల అరచేతులకు రంధ్రాలు చేసి, సన్నని బెత్తాలు గ్రుచ్చి, గుంపులుగా ఓడ అడుగున పడవేసేవారని వ్రాశాడు. వారిని దక్కను రేవులలో డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి వర్తకులకు అమ్మేవారని కూడా అతడు పేర్కొన్నాడు. 1666లో షాయిస్తాఖాన్ చాటగాం రేవును పట్టుకొనటంతో ఈ పీడ చాలావరకు తగ్గింది. దక్కను రేవుల బొమ్మలలో ఓడలు లెక్కకు మించి కనిపిస్తాయి. వాటి అడుగున ఎవరున్నారో బొమ్మ చెప్పదు.

గంజె సవాయీ: ముందు నిలిచినవాడు, వెనుక పడినవారు

1687 తరువాత తెలంగాణా మొగలు సామ్రాజ్యంలో చేరింది. హజ్ యాత్రకు సామ్రాజ్యపు ప్రధాన ద్వారం సూరతు. ఆ రేవుకు చెందిన ‘గంజె సవాయీ’ అనే బాద్‌షాహీ ఓడ 1695 సెప్టెంబరులో హాజీలతోనూ, వర్తకపు సొమ్ముతోనూ తిరిగి వస్తుండగా హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషు దొంగ దానిని అడ్డగించాడు. దానికి ముందే సూరతు వర్తకుడు అబ్దుల్ గఫూర్‌కు చెందిన ‘ఫతే ముహమ్మదీ’ దోపిడికి గురైంది. గంజె సవాయీలో ఒక ఫిరంగి ప్రేలిపోయి ఓడలోనివారికే ప్రాణనష్టం కలిగించింది. దొంగలు ఓడనెక్కి దినాల తరబడి దోచారు, స్త్రీలను చెరిచారు. మానం కాపాడుకొనేందుకు కొందరు స్త్రీలు సముద్రంలో దూకారని సమకాలికుడైన చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాశాడు. నష్టం 52 లక్షల రూపాయలని అతని లెక్క. ఔరంగజేబు ఆగ్రహించాడు, సూరతులోని ఇంగ్లీషువారిని నిర్బంధించారు, హజ్ ఓడల రక్షణ భారం ఐరోపా కంపెనీల మీద మోపబడింది.

ఎవ్రీ దొరకనేలేదు. అతని అనుచరులు ఆరుగురిని 1696 అక్టోబరులో లండన్‌లో విచారించారు. గంజె సవాయీని దోచిన నేరం మీద మొదటి జ్యూరీ వారిని నిర్దోషులన్నది. ప్రభుత్వం వెంటనే మరొక నేరం మోపింది: తాము పనిచేస్తున్న ఇంగ్లీషు ఓడను తిరుగుబాటు చేసి ఎత్తుకుపోయినారని. ఈ నేరం రుజువై ఐదుగురికి ఉరిశిక్ష అమలైంది. హాజీల ఓడను దోచినందుకు రాని శిక్ష, సొంత దేశపు ఓడను అపహరించినందుకు వచ్చింది.

ఇప్పుడు బొమ్మను చూద్దాం. కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరిట లండన్‌లో 1724లో మొదలైన సముద్రపు దొంగల చరిత్రలో ఎవ్రీ బొమ్మ ఒకటి ప్రసిద్ధం. ఒడ్డున, ముందుభాగంలో, ఖరీదైన దుస్తులు ధరించి ఎవ్రీ ఠీవిగా నిలబడి ఉంటాడు. వెనుక ఒక నల్లజాతి సేవకుడు అతనికి గొడుగు పడుతుంటాడు. దూరాన సముద్రం మీద చిన్నవిగా రెండు ఓడలు, వాటి నడుమ ఫిరంగి పొగ. ఆ పొగలోనే హాజీలున్నారు. ఒక్క ముఖం కూడా కనిపించదు. పాఠకుని కన్ను దొంగ ముఖం మీద నిలిచేటట్లుగానే ఆ బొమ్మ కూర్చబడింది. తరువాతి కాలపు కథలు, నాటకాలు, సినిమాలు అన్నీ ఈ కూర్పునే అనుసరించాయి. దొంగ సాహసవంతుడైన వీరుడైనాడు. దోపిడికి గురైన ఓడ ‘మొగలు నిధి’గా మారింది. అందులోని మనుషులు కథ నుండి తొలగిపోయినారు.

ముస్లిం దొంగను చూపవలసి వచ్చినప్పుడు ఇదే ఉలి వేరొక విధంగా నడిచింది. అల్జీర్స్ ఓడదొంగలను గురించి పియేర్ దాన్ అనే ఫ్రెంచి మతగురువు వ్రాసిన గ్రంథం 1684లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చి భాషలో వెలువడినప్పుడు యాన్ లోయ్‌కెన్ దానికి బొమ్మలు చెక్కాడు. వాటిలో క్రైస్తవ బందీలు ముందుభాగంలో ఉంటారు; వారి ముఖాలలో బాధ స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ బందీలను విడిపించేందుకు విరాళాలు సేకరించే మతసంఘానికి చెందినవాడు; చూచేవారి హృదయం కరగటం ఆ గ్రంథానికి అవసరం. అల్జీర్స్ రేవులో బందీలుండినది నిజం. దానిని ముస్లిములు కాదనవలసిన పని లేదు. అయితే అదే కాలంలో మాల్టా, లివోర్నో రేవులలో ముస్లిం బందీలు కూడా గొలుసులతో తెడ్లు వేస్తుండేవారు. లివోర్నోలో ఒక ప్రభువు విగ్రహం పాదాల వద్ద సంకెళ్ళతో నలుగురు మూర్ బందీల కంచు విగ్రహాలు నిలిపి ఉన్నాయి. స్తెఫానో దెల్లా బెల్లా ఆ రేవు చిత్రంలో వాటిని కూడా చెక్కాడు. అక్కడ బందీల బాధ జాలికి కారణం కాలేదు, పట్టణానికి అలంకారమైంది.

ఓడ లోపలి నుండి చూచిన చిత్రం

మరి హాజీ చూపులో సముద్రం ఎలా ఉండేది? అదృష్టవశాత్తు దీనికి ఒక జవాబు మిగిలి ఉన్నది. సఫీ ఇబ్నె వలీ అనే విద్వాంసుడు ఔరంగజేబు కుమార్తె జేబున్నిసా ఆదరణతో 1676–77లో హజ్ చేసి ‘అనీసుల్ హుజ్జాజ్’ అనే ఫార్సీ గ్రంథం వ్రాశాడు. అది యాత్రికులకు దారి చూపే పుస్తకం. దాని వ్రాతప్రతులలో రంగుల చిత్రాలున్నాయి. సూరతు రేవు, ఓడలో క్రిక్కిరిసిన యాత్రికులు, జిద్దా రేవు, మక్కాలోని ఆచారాలు అందులో కనిపిస్తాయి. ఇక్కడ ఓడ ఒక వీరుని వెనుక దూరంగా కనిపించే చిన్న గుర్తు కాదు. మనుషులు నివసించే చోటు. ఒకే సముద్రాన్ని, దాదాపు ఒకే కాలంలో, ఇద్దరు చిత్రకారులు చూపిన తీరుకు ఇంత వ్యత్యాసం ఉన్నది.

అయితే అనీసుల్ హుజ్జాజ్ వంటివి కొద్ది వ్రాతప్రతులుగా మిగిలాయి. రాగిరేకు బొమ్మలు వేలాదిగా అచ్చయి లోకమంతా వ్యాపించాయి. లోకం తలపులో నిలిచిన రూపం వాటిదే కావటానికి ముఖ్య కారణం అచ్చు యంత్రం. పట్టణ చిత్రాలు, పటాలు వేయగల నేర్పు ముస్లిములకు లేకపోలేదు. వాటిని అచ్చువేసి వ్యాపింపజేసే పనిలో వారు వెనుకబడినారు. ఈ లోటును దాచుకొనకుండా ఒప్పుకొనటం మేలు.

షరీఅత్ దృష్టిలో దారి భద్రత

సముద్రపు దోపిడి ముస్లిములకు వర్తక నష్టంతో తీరిపోయే విషయం కాదు. హజ్ విధి కావటానికి స్తోమత షరతు. దారి భద్రత ఆ స్తోమతలో భాగమని ఫుఖహాలు చర్చించారు. సముద్ర ప్రయాణంలో క్షేమంగా చేరటమే ఎక్కువ సంభవమైతే హజ్ విధి అవుతుందని హనఫీ గ్రంథాల నిర్ణయం. 16వ శతాబ్దంలో అక్బరు ఆస్థాన పండితుడు మఖ్‌దూముల్ ముల్క్ అబ్దుల్లా సుల్తాన్‌పూరీ, ఇరాన్ గుండా పోయే నేలదారిలోనూ, పోర్చుగీసు పత్రం తీసుకోవలసిన సముద్రపు దారిలోనూ ఆటంకాలున్నాయి కనుక హిందూస్తాన్ ముస్లిములకు హజ్ విధి కాదని అభిప్రాయపడినట్లు బదాయూనీ వ్రాశాడు. ఆ పత్రం మీద క్రైస్తవ చిహ్నాలుండటం కూడా ఆక్షేపణకు కారణమైంది. అయినా జనం ఆగలేదు. ఓడలు నడిచాయి, గోల్కొండ బియ్యం కూడా నడిచింది.

సూరతుల్ కహఫ్‌లో హజ్రత్ మూసా (అ) వృత్తాంతం పాఠకులకు తెలిసినదే. పేదల పడవకు ఆయన సహచరుడు చిల్లు చేస్తాడు. మంచి పడవలన్నింటినీ బలవంతంగా లాక్కొనే ఒక రాజు ఆ దారిలో ఉన్నాడని, పడవను కాపాడేందుకే ఆ పని చేసినట్లు తరువాత తెలుస్తుంది. అక్కడ పడవలను లాక్కొనేవాడు రాజు. రాజ్యాధికారం ఉన్నంత మాత్రాన దోపిడి దోపిడి కాకుండా పోదనే సూచన ఆ వృత్తాంతంలో ఉన్నది. పత్రం చూపి పట్టినా, ఫిరంగి చూపి పట్టినా పోయింది పేదవాని పడవయే. దారి కొట్టడాన్ని ఫిఖహ్ ‘ఖత్ఉత్తరీఖ్’ అనే ఘోర నేరంగా పరిగణించింది.

బొమ్మను చదివే పద్ధతి

రేవు పట్టణాల పాత బొమ్మలు విలువైన సాక్ష్యాలు. వాటిని పారవేయనక్కరలేదు. సాక్షిని ప్రశ్నించినట్లు వాటిని ప్రశ్నించాలి. దీనిని చెక్కినవాడు ఆ రేవు చూచాడా? రేకు మొదట ఏ సంవత్సరం నాటిది? ఇది మరొక బొమ్మకు నకలా? చూపు ఓడ మీద నుండి ఉన్నదా, ఒడ్డు నుండి ఉన్నదా? ఎవరి జెండాలు పెద్దవిగా ఉన్నాయి? ముందుభాగంలో ఎవరు నిలిచారు? ఎవరు పొగలో కలిసిపోయారు? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికిన తరువాత ఆ బొమ్మ పక్కన ఖాఫీఖాన్‌ను, తాలిష్‌ను, షేఖ్ జైనుద్దీన్‌ను, అనీసుల్ హుజ్జాజ్‌ను ఉంచి చూడాలి. సాక్ష్యం తమకు వ్యతిరేకమైనా న్యాయంగా చెప్పాలన్న దివ్య ఖుర్‌ఆన్ ఆదేశం చరిత్రకారునికి కూడా వర్తిస్తుంది. అల్జీర్స్ బందీని మరచినవానికి గంజె సవాయీ హాజీ తరఫున మాట్లాడే అర్హత తగ్గుతుంది.

ఓడలలో హజ్‌కు పోయే కాలం గడచిపోయింది. భారతదేశం నుండి యాత్రికులను తీసుకుపోయే ఓడ ప్రయాణాలు 1995తో ఆగిపోయినాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లో అనేక జిల్లాలుగా విడిపోయినాయి. కొల్లూరు గనుల తావు పులిచింతల జలాశయంలో మునిగింది. పంతంగి మీదుగా ఈనాడు విజయవాడ జాతీయ రహదారి పోతున్నది. ఆ దారిన పోయేవారు ఇది ఒకప్పుడు బందరుకూ, బందరు నుండి మొఖాకూ, అక్కడి నుండి మక్కాకూ సాగిన బాట అని తమ పిల్లలకు చెప్పగలిగితే, రాగిరేకు బొమ్మలో పట్టణం వెనుక ఖాళీగా విడిచిన భాగం కొంతవరకు నిండుతుంది.